మొదటి దీవెన

ఏవండీ,

అక్కడ కులాసాయేనా? మీరు వెళ్ళిపోయి మొన్న ఆదివారానికి ఏడాది. ఒహాయోలో మంచు కరిగింది. వాకిట్లో పార పట్టే బాధ తప్పింది.

చెప్పాల్సింది ఇది కాదు. ఎలా చెప్పాలో తెలియక మంచు దగ్గర ఆగాను.

మన లిండాకి ఆర్డినేషన్, అదే పాస్టరు అభిషేకం, ఇవ్వలేదండీ.

మీరు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వచ్చి కీర్తన చదివి ప్రార్థన చేసిన పిల్ల. సెమినరీలో పాస్టరు చదువు అయిపోయింది, అభిషేకమే తరువాయి. ఒకరోజు ప్రార్థన అయ్యాక మీరు తల వంచి దీవెన అడిగారు. తనకింకా ఆ అధికారం లేదని చేతులు వెనక్కి పెట్టుకుంది. మన నరసాపురంలోనూ అంతే కదా, ఉపదేశి ఎంత గొప్పగా ప్రార్థించినా చేతులెత్తి దీవించేది పాస్టరు అయ్యగారే.

"సరే, అభిషేకం అయ్యాక నీ మొదటి దీవెన నాకే. ఇంకెవరికైనా ఇచ్చావో, ఊరుకోను" అన్నారు మీరు.

ఆ వారంలోనే మీరు...

చలికాలంలో లిండా మన చర్చి సంఘానికి తనే చెప్పింది. తాను ఆడవాళ్ళనే ప్రేమించే మనిషినని, తనతో ఉంటున్న నాన్సీ ఉత్త స్నేహితురాలు కాదని. దాచిపెట్టి అభిషేకం తీసుకోలేనంది. నోరు మూసుకుని ఉంటే ఈపాటికి పాస్టరు అయ్యేది, పిచ్చిపిల్ల. మీరు విని ఉంటే ఏమనేవారు?

సంఘం సభ పెట్టారు. భోజనాల వేళ దాటినా వాదులాట తెగలేదు. ఒకే బైబిలు వాక్యాన్ని ఇటువాళ్ళూ చదివారు, అటువాళ్ళూ చదివారు. గుడిలో మీ పక్కన కూర్చునే హెరాల్డ్ గారు లేచి, మీరు బతికుంటే ఒప్పుకునేవారే కాదన్నారు. అందరూ నావైపు తిరిగారు. బైబిలు విషయంలో మీరెంత ఖచ్చితమో నాకు తెలియదా? చేతులెత్తమన్నప్పుడు లిండా కోసం నా చెయ్యి ఎత్తాను. మీరైతే ఎటు ఎత్తేవారో నాకు తెలియలేదు.

ఓడిపోయాం.

మీ జ్ఞాపకార్థ కూడికకి లిండాని పిలిచాను. పాస్టరుగారు చేతులెత్తి దీవిస్తుంటే వెనక వరసలో తల వంచుకుని నిలబడింది. అందరూ భోంచేసి వెళ్ళాక, నాతో గిన్నెలు కడుగుతూ చెప్పింది. నాన్సీ సంగతి అందరికంటే ముందు మీకే చెప్పిందట, ఆసుపత్రిలో, నేను గదిలో లేనప్పుడు. అది విన్నాకే మీరు ప్రార్థన చేయించుకుని, తల వంచి దీవెన అడిగారట.

తెలిసే అడిగారా? మరి నాతో ఎందుకు అనలేదండీ? కూరలో ఉప్పెక్కువైతే చెప్పేవారు, చీర నప్పకపోతే చెప్పేవారు. ఈ ఒక్క మాట చెప్పి ఉంటే ఆ సభలో లేచి నిలబడేదాన్ని కదా. ఇప్పుడెవరు వింటారు? పాస్టరుగారికి చెప్పి చూశాను. ఓటు అయిపోయింది కదా అన్నారు. ఆయన మాత్రం ఏం చేస్తారు...

లిండా, నాన్సీ వేరే ఊరు వెళ్ళిపోతున్నారు. అక్కడ లైబ్రరీలో ఉద్యోగమట. నిన్న చెప్పిపోవడానికి వచ్చినప్పుడు, గుమ్మంలో చెంగు తలమీద కప్పుకుని మీ బదులు నేను తల వంచాను. పిల్ల చేతులు సగం దాకా ఎత్తింది. మళ్ళీ దించేసింది.

ఎప్పటికైనా లిండాకి ఆ అధికారం ఇస్తే, ఏ ఊళ్ళో ఉన్నా వెళ్ళి మీ వంతు నేను అందుకుంటాను. అందాకా ఇంకెవరికీ ఇవ్వొద్దని చెప్పాను, మీరన్నట్టే.

మీ
రత్నం