మీగడ నాకు, బన్ను నీకు

ఉమెయో, ఫిబ్రవరి, బుధవారం

గుడ్రున్ అక్కా,

ఏడాదిగా మనకు మాటల్లేవు. కనీసం ఎవరి పథ్యం గొప్పదో తేల్చుకుందామని రాస్తున్నాను.

పిండి, బంగాళాదుంప మానేసి, వెన్నా మీగడా తింటూ నేను తొమ్మిది కిలోలు తగ్గాను. ఆకలి వేయదు. కానీ పొద్దున్నే బాత్రూంలో అరగంట కూర్చోవాలి. కాఫీకి ఎవరూ పిలవడం లేదు. బన్ను వద్దనే మనిషికి ఏం పెడతారు? నీ పథ్యంలో రొట్టె ఉంది, పిలిచే మనుషులున్నారు. కొవ్వే లేదు. చలికి నీ చేతులు పగిలేవి, ఇప్పుడెలా ఉన్నాయి?

పోయినేడు నలభై రోజుల ఉపవాసాల ముందటి మంగళవారం, మీగడ బన్నుల పండగకి, నువ్వు ముట్టని మీగడను నాకోసం గిలక్కొట్టి బన్నులో పెట్టావు. నేను పళ్ళెం పక్కకు నెట్టాను.

"అచ్చం అమ్మ చేసినట్టే చేశానే. నా చేతి బన్ను తినవు గానీ, ఆ పథ్యం పుస్తకం రాసినవాడు ఏం చెప్పినా మింగుతావా?" అన్నావు.

"నీ మొహం చూసుకో, మీగడ తీసేసిన పాలలా ఉంది" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. బస్సులో ఇంటికి వచ్చేదాకా నా కోటుకు నీ వంటింటి ఏలకుల వాసన వేస్తూనే ఉంది.

వచ్చే మంగళవారం మళ్ళీ అదే పండగ. ఒక్క బన్నే చేస్తాను. చిన్నప్పుడు అమ్మ ఇద్దరికీ కలిపి ఒకటిస్తే, పైన మూతలా కోసిపెట్టే ముక్క కోసం కొట్టుకునేవాళ్ళం. ఇప్పుడా గొడవ లేదు. మూతతో సహా బన్నంతా నీది, మీగడంతా నాది.

మూడింటికి కాఫీ పెడతాను. నువ్వు రాకపోతే ఆ బన్ను నేను తినలేను, పారేయలేను.

నీ చెల్లి