అంపైరు వేలెత్తకముందే నడిచొచ్చినవాడికి

ఒరేయ్ సూరీ,

ఇంగ్లండులో నువ్వు ఓ కౌంటీ క్రికెట్ జట్టుకి ఆడినవి ఆరంటే ఆరు మ్యాచ్‌లు. ఆఖరిదాంట్లో అంపైరు వేలెత్తకుండానే నీ అంతట నువ్వే బయటికి నడిచావు. ఆ తర్వాత వాళ్ళు నిన్ను మళ్ళీ పిలవలేదు. ఇంటికొచ్చాక నేనడిగితే, "బంతి బ్యాటుకి తగిలిందన్నయ్యా" అన్నావు. అంపైరుకే వినబడనిది నీకెందుకురా అని నువ్వు కన్నుమూసేదాకా తిడుతూనే ఉన్నాను. ఆ కోపం ఇంకా పోలేదు.

ఇప్పుడు అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో అమ్మాయి దగ్గరున్నాను. ఇక్కడి వీకెండ్ మ్యాచుల్లో బ్యాటింగ్ చేసే జట్టువాళ్ళే అంపైరుగా నిలబడాలి. మొన్న ఆదివారం మనిషి తక్కువైతే నేను నిలబడ్డాను, నీ అన్నని కదా. అల్లుడు ఆడుతున్నాడు. బంతి వాడి బ్యాటుకి తగిలి కీపర్ చేతిలో పడింది. చప్పుడు నాకు బాగా వినబడింది. అల్లుడు కదల్లేదు. నా వేలూ లేవలేదు.

"అంకుల్, నిజంగా వినబడలేదా?" అన్నాడు బౌలరు.

"లేని చప్పుళ్ళు వినకు. పోయి బంతెయ్" అన్నాను.

మేమే గెలిచాం. కార్‌లో అల్లుడు "థాంక్స్ మావయ్యా" అన్నాడు. నాలుగు రోజులుగా తింటున్నా, పడుకుంటున్నా, ఏమీ అనిపించట్లేదు. ఆ చప్పుడు మాత్రం అలాగే ఉంది.

శనివారం మళ్ళీ నన్నే నిలబడమంటున్నారు. నా చేతిరాత నీకు తెలిసిందే, కూడబలుక్కుని చదువు. ఆ రోజు అలా నడిచొస్తుంటే నీకెలా ఉందో నేనెప్పుడూ అడగలేదు, తిట్టానంతే. ఇప్పుడడుగుతున్నాను. శుక్రవారం సాయంత్రంలోగా చెప్పు.