కార్డులో అక్క

జూన్ 3, మంగళవారం

సుధాకర్ పోయి నలభై రెండు రోజులు. ఇవాళ మిషను మీద గుడ్డ తీశాను. పోర్టువాళ్ళ యూనిఫారాలు ఎనిమిది మిగిలున్నాయి. కాజాలు కుట్టాలి. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

జూన్ 5, గురువారం

చిట్టమూరు నుంచి రమణయ్య వచ్చాడు. సుధాకర్‌కి అన్న. చెప్పులు విప్పకుండా గదులన్నీ తిరిగి చూశాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఇల్లు తమ్ముడి పేరు మీద ఉంది కాబట్టి తనదేనట, శ్రావణం లోపల ఖాళీ చేయాలట. మరి నేనేమవుతాను అన్నాను.

"తాళి కట్టినాడా నీకు? ఇంక ఏమవుతావు."

పదకొండేళ్ళు... స్లాబు పోసినప్పుడు ఇరవై ఒక్క రోజులు నీళ్ళు పట్టింది నేను. ఆయన పోర్టులో క్రేను మీద, నేను డాబా మీద బిందెలతో.

జూన్ 6

నెల కిందట పెద్దకర్మ నాడు షామియానా వెనక నిలబడ్డాను. గాజులు తీయమని కూడా ఎవరూ అనలేదు నన్ను. అనుంటే ఏడ్చేదాన్ని. అననందుకు ఇంకా ఎక్కువ ఏడుపొస్తోంది.

జూన్ 9, సోమవారం

నెల్లూరు వెళ్ళాను. లాయరమ్మ నెమ్మదస్తురాలు. తాళి లేకపోయినా, ఏళ్ళ తరబడి మొగుడూ పెళ్ళాల్లా బతికారని, ఊరు కూడా అలాగే చూసిందని చూపించగలిగితే కోర్టు పెళ్ళయినట్టే అనుకోవచ్చట. ఖాయంగా చెప్పలేనంది. ఇద్దరి పేర్లూ ఉన్న కాగితం ఏదైనా తెమ్మంది. తిరిగి వస్తుంటే బస్సులో ప్రాణం కాస్త లేచొచ్చింది.

జూన్ 10

బీరువా అంతా వెతికితే ఒక్కటే దొరికింది. ఇంటి సర్వే కార్డు. యజమాని సుధాకర్. కింద నా పేరు. సంబంధం — అక్క.

మరిచేపోయాను. ఇల్లు కట్టిన ఏడాది సర్వే అమ్మాయి వచ్చి, ఈమె మీకేమవుతారు అని అడిగింది. నాకంటే రెండేళ్ళు చిన్నవాడు. తల దించుకుని అక్క అన్నాడు. వంటింట్లోంచి విన్నాను. విని ఊరుకున్నాను, ఆ పిల్లకి టీ కూడా ఇచ్చాను. తర్వాత వారం రోజులు "అక్కా, అన్నం పెట్టు" అని ఏడిపించాడు. నవ్వాను. లోపల ఎక్కడో కలుక్కుమంది, చెప్పలేదు.

జూన్ 12, గురువారం

పక్కింటి ధనమ్మను సాక్ష్యం అడిగాను. మొదట్నుంచీ నన్ను వదినా అనే పిలుస్తుంది. ఇవాళ గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది.

"మాకు తెలీదా వదినా మీ సంగతి. కోర్టంటే మా ఆయన ఒద్దంటుండాడు."

జూన్ 16, సోమవారం

లాయరమ్మ కార్డుని అటూ ఇటూ తిప్పి చూసింది. దాచేద్దామన్నాను. అవతలివాళ్ళు ఆఫీసులో తీయించి చూపిస్తే మొదటికే మోసమంది. మనమే ముందు చెప్పాలి. ఎందుకలా రాయించాడో కూడా చెప్పాలి.

"పెళ్ళి కాలేదని చెప్పుకోడానికి సిగ్గుపడినాడు, అని రాద్దామా అమ్మా?"

రేపు చెబుతానని వచ్చేశాను.

జూన్ 17

చెప్పలేదు. ఫోను రెండుసార్లు మోగింది, తీయలేదు.

సిగ్గుపడ్డాడని సంతకం పెడితే ఇల్లు నిలబడుతుందేమో. అది నిజమైతే మాత్రం, ఇన్నేళ్ళూ నా పక్కన సిగ్గుపడుతూనే బతికాడా... లేకపోతే ఆ పిల్ల ముందు తోచక అనేశాడా? సిగ్గు పెళ్ళి లేనందుకా, నేనైనందుకా?

లాయరమ్మకి జవాబు కావాలి. అడగడానికి ఆయన తప్ప నాకెవరూ లేరు.