దూలం చప్పుడు

అక్కకి,

కుశలాలు తర్వాత అడుగుతాను. ముందు నేను చెప్పేది నవ్వకుండా చదువు. మా నాటకశాల కప్పు కూలిపోతుందని నాకు భయంగా ఉంది.

బల్లి కనిపిస్తే మంచమెక్కేదాన్ని, ఉరుము ఉరిమితే నీ దుప్పట్లో దూరేదాన్ని. నా భయాలకు అంతూ పొంతూ లేదని నీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అందుకే ఇక్కడ ఎవరికీ గట్టిగా చెప్పలేక నీకు రాస్తున్నాను.

నా పెళ్ళయిన కొత్తలో నువ్వొకసారి చూశావు ఆ హాలుని. ఒకప్పుడది మిల్లు వాళ్ళ దూది గిడ్డంగి. మిల్లు మూతపడ్డాక ఎలుకలకు వదిలేశారు. అప్పుడు పోస్టుమాస్టరుగా ఉన్న మామయ్యగారూ ఆయన స్నేహితులూ ఆఫీసులయ్యాక వచ్చి చెత్త ఎత్తిపోసి, గోడలకు సున్నం కొట్టి, మిల్లువాళ్ళు పారేసిన పెట్టెల చెక్కతో స్టేజీ కట్టుకున్నారు. మొదటి తెర అత్తయ్యగారు పాత దుప్పట్లు కలిపి కుట్టారట. ఇప్పటికీ అక్కడ జీతం అన్న మాట లేదు. పళ్ళ డాక్టరు హీరో. దర్జీ ఆవిడ దుస్తులు కుడుతుంది. మీ మరిది లైట్లు చూస్తారు. ఆట అయ్యాక చీపురు పట్టేది కూడా ఆ హీరోగారే. నాకు ప్రాంప్టింగు అప్పగించారు. నలుగురి ముందుకీ రాలేని మనిషికి అంతకంటే మంచి పని ఏముంది? తెర పక్కన స్టూలు మీద కూర్చుని, వాళ్ళు మరిచిపోయిన మాట గుసగుసగా అందిస్తాను. మామయ్యగారైతే నావైపు చూడను కూడా చూడరు. నేను అందించిన మాట అందించినట్టే ఆయన నోట్లోంచి ఖంగుమని వస్తుంది.

వానలు తగ్గాక మొదలైంది ఆ చప్పుడు. స్టేజీ మీద మాటలు నడుస్తుంటే వినపడదు. ఎవరో మాట మరిచిపోయి అంతా నిశ్శబ్దమైనప్పుడు, నేను పుస్తకంలో వెతుక్కుంటున్నప్పుడు, నా నెత్తి మీది పెద్ద దూలంలోంచి వస్తుంది. గోళ్ళతో గీకినట్టు. తర్వాత టక్కుమని ఒక్కటి. మొన్న నా పుస్తకం మీద మెత్తటి పొడి రాలింది. మీ మరిదికి చూపించాను. ఆయన నిచ్చెనెక్కి, స్క్రూడ్రైవరు పిడితో దూలాన్ని కొట్టి చూసి, గట్టిగానే ఉందన్నారు. దిగుతూ, "నీకు చెవుల్లో కూడా బల్లులే" అని నవ్వారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను అక్కా.

నీ పిట్ట

*

అక్కా,

నీ జవాబు అందింది. ధైర్యం చేసి మామయ్యగారితో చెప్పమన్నావు. చెప్పాను.

ఆయన తన వేషం తాలూకు అంగీకి గుండీలు సరిచూసుకుంటున్నారు. ఆట ముందు ఒక ఇంజనీరుని పిలిపిద్దామని అడిగాను. తలెత్తకుండానే అన్నారు: "అమ్మాయ్, ఆ దూలం కింద నిలబడి మీ అత్తయ్య మొదటి తెర లాగింది. హాలు పడిపోతుందని ఒక్క మాట బయటికి పోయిందంటే జనం మళ్ళీ గుమ్మం తొక్కరు. ఆట కానీ, తర్వాత చూద్దాం." ఆ మాటతో ఇక అయిపోయింది. ఈ సంగతి అందరికీ తెలిసింది కాబోలు, నిన్న రిహార్సల్లో నేను పైకి చూసినప్పుడల్లా దర్జీ ఆవిడ నన్నే చూస్తోంది.

రేపు మధ్యాహ్నం ఆట. ముందు వరసల్లో బడిపిల్లల్ని కూర్చోబెడతారట. తలనొప్పని చెప్పి ఇంట్లో పడుకుందామా అనుకున్నాను. నేను లేకపోతే నాకేమీ కాదు కదా అని కూడా అనుకున్నాను. ఆ ఆలోచన వచ్చాక నా మీద నాకే రోత పుట్టింది. పోనీ ఆట ఆపిస్తే? ఏమీ జరగకపోతే ఈ ఇంట్లో నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఇంతవరకూ నేను భయపడినవాటిలో ఒక్కటీ నిజం కాలేదు. ఇదొక్కటీ నిజమని ఎలా నమ్మేది? అక్షరాలు వంకర పోతున్నాయి, సర్దుకుని చదువు.

పిట్ట

*

అక్కకి,

ఇన్నాళ్ళూ రాయనందుకు కోప్పడకు. రాయడానికి మనసు కుదురుగా లేదు.

ఆ మధ్యాహ్నం నేను వెళ్ళాను. హాలు నిండిపోయింది. రెండో రంగంలో మామయ్యగారు కుర్చీలో కూర్చుని ఉండగా, మీ మరిది వేసిన పచ్చటి వెలుగులోకి పైనుంచి పొడి సన్నగా రాలడం మొదలైంది. అదీ నాటకంలో భాగమేననుకుని ఒక పిల్ల చప్పట్లు కొట్టింది. అప్పుడు దూలం మూలిగింది. అది గీకుడూ కాదు, టక్కూ కాదు. మనిషి మూలిగినట్టే మూలిగింది. మామయ్యగారు మాట మధ్యలో ఆగిపోయారు.

లేచి అరుద్దామనుకున్నాను. నాకు వచ్చిందల్లా గుసగుస ఒక్కటే. తెర పక్కనుంచి, ఎప్పుడూ మాట అందించినట్టే అందించాను.

"అందరూ నెమ్మదిగా లేచి బయటికి వెళ్ళండి."

ఆయన నావైపు తిరగలేదు. ఎదురుగా చూస్తూ, ఆ ఖంగుమనే గొంతుతో అన్నారు: "అందరూ నెమ్మదిగా లేచి బయటికి వెళ్ళండి."

ఎవరూ కదల్లేదు. నాటకమే అనుకున్నారు.

"ఇది నాటకం కాదు," అందించాను.

"ఇది నాటకం కాదు," అన్నారు ఆయన. "పిల్లల్ని ముందు పంపండి." ఈ చివరి మాట నేను అందించింది కాదు.

అందరూ బయటికొచ్చి ఎండలో నిలబడ్డారు. హాలు చెక్కుచెదరకుండా అలాగే ఉంది. కాసేపయ్యాక సణుగుళ్ళు మొదలయ్యాయి. పళ్ళ డాక్టరు మొహానికి రంగుతోనే నన్ను దాటుకుని వెళ్ళిపోయాడు. మామయ్యగారు ఇంటికొచ్చి గది తలుపు వేసుకున్నారు. ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో నీతో తప్ప ఎవరితోనూ అనలేను. హాలు కూలిపోతే బాగుండునని కోరుకున్నాను అక్కా. నా మాట నిలబడాలని, ఆయన జీవితమంతా పెట్టి నిలబెట్టింది పడిపోవాలని. దూలం కంటే ఆ కోరికకే ఎక్కువ భయపడ్డాను.

చివరికి మీ మరిదే ఎవరికీ చెప్పకుండా ఒక ఇంజనీరుని తీసుకెళ్ళారు. దూలం నడిమి భాగం గట్టిదే. గోడలో కూర్చున్న కొస మాత్రం వాన నీటికి కుళ్ళి, చెదలు తిని, డొల్లయిపోయింది. ఇన్నాళ్ళూ దేన్ని పట్టుకుని నిలబడిందో అర్థం కావడం లేదని, ఇక లోపల ఎవరూ అడుగు పెట్టకూడదని అన్నాడట ఆయన. మీ మరిది ఇంటికొచ్చి వంటింటి గడప మీద కూర్చున్నారు. క్షమించమని అనలేదు. కూరగాయలు నా చేతిలోంచి తీసుకుని తరగడం మొదలుపెట్టారు. వంకరటింకర ముక్కలే, కానీ నేనేమీ అనలేదు.

నిన్న కప్పు దింపించారు. మామయ్యగారు పొద్దున్నే వెళ్ళి ఎదురుగా ఉన్న మూసేసిన కొట్టు మెట్ల మీద కూర్చున్నారని తెలిసి నేనూ వెళ్ళాను. రేకులు ఒక్కొక్కటే ఊడి వస్తున్నాయి. పక్కనే కూర్చున్నా ఆయన నన్ను చూడలేదు.

"ఆ చప్పుడు నాకూ వినపడేదమ్మా," అన్నారు. "నా చెవులకి ముసలితనం వచ్చిందనుకున్నాను. అలా అనుకుంటేనే బాగుండేది."

నేను ఆయన వైపు తిరిగాను.

"ఇప్పుడు భయమేస్తోంది. సాయంత్రమైతే ఎక్కడికెళ్ళాలి నేను?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నాకు అందరూ చెప్పిన మాట భయపడకు అనే కదా. నువ్వు కూడా అదే చెప్పేదానివి. ఆ మాట వింటే ఎంత ఒంటరిగా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఆయనతో అది అనలేకపోయాను.

"నాకూ భయంగానే ఉంది మామయ్యగారూ," అన్నాను.

ఆయన తల ఊపారు. పైన మనుషులు దూలానికి తాళ్ళు కడుతున్నారు. ఇక చూడలేక లేచి వెళ్ళిపోతారనుకున్నాను. "నీకు ఇంట్లో పనేం లేకపోతే ఇంకాసేపు కూర్చో అమ్మా," అన్నారు.

పని చాలానే ఉంది. కూర్చున్నాను.

నీ చెల్లెలు