బతికున్నవాడికి హాల్‌టికెట్టు

పరీక్షల విభాగం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా మరణవార్తను నేనే రాసుకొన్న కారణంగా కొట్టివేయబడిన నా పేరును తిరిగి చేర్చి, సోమవారం పరీక్షకు హాల్‌టికెట్టు ఇప్పించుట గురించి.

కమ్యూనికేషన్, మీడియా కోర్సు రెండో ఏడాది విద్యార్థినైన నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా విభాగమున విద్యార్థులు తొమ్మిది మంది, కెమెరా ఒకటి, మేడం గారు ఒకరు. సంతాపవార్త రాయుట నేర్పే పాఠంలో మేడం గారు, "ఎవరెవరినో ఎందుకు చంపడం? ఎవరి చావువార్త వాళ్లే రాసుకోండి" అన్నారు. రాసితిని. పదికి తొమ్మిది వచ్చినవి. మరణానికి కారణం చెప్పనందుకు ఒక మార్కు తగ్గించినారు.

2. మేమే రాసి, దిద్ది, అచ్చువేయించు విభాగం పేపరుకు ఈసారి సంపాదకుడిని నేనే. పేజీలు ప్రెస్సుకు పోవు వేళకు నాలుగో పేజీలో ఆరంగుళాల ఖాళీ మిగిలినది. చేతికి దొరికినది నా చావు. పైన "తరగతి అభ్యాసం" అని చిన్న ముక్క ఉండెను. శీర్షిక ఇంకా పెద్దదైతే బాగుండునని దానిని తీసివేసితిని. ఈ అర్జీ చేతులు కాలాక ఆకులు పట్టుకొనుటేనని నాకూ తెలుసు.

3. మా పేపరును మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువు ఏకైక పాఠకులు తమ కార్యాలయ గుమస్తా గారు. చదివి ఊరుకొనక, నా పేరు మీద ఎర్రగీత గీసి, మా ఇంటికి సంతాప ఉత్తరం కూడా పంపినారు.

4. లైబ్రరీలో రెండు నిమిషాలు మౌనం పాటించమంటే నేనూ లేచి నిలబడితిని. ఎవరు పోయారని పక్కనున్న లెక్కల విభాగం కుర్రాణ్ణి అడిగితే, "ఎవరో పాపం మీడియావాడట. మాట్లాడకు" అన్నాడు.

5. గుమస్తా గారిని స్వయంగా కలిసితిని.

"సార్, నేను బతికే ఉన్నాను."

"కనబడుతూనే ఉంది బాబూ. కాగితం ఏదీ?"

"నన్ను చూస్తున్నారు కదా సార్!"

"చూసినదాన్ని ఫైల్లో ఎలా పెట్టను? తప్పు పడిందని అదే పేపర్లో వేయించు. కత్తిరించి అతికిస్తా."

6. సవరణ వేయవలసినవాడు సంపాదకుడు. సంపాదకుడు మరణించినందున కొత్తవారు వచ్చేవరకు పేపరు అచ్చు ఆపవలెనని ప్రెస్సుకు రాసినది తమ కార్యాలయమే.

7. అయ్యా, ఈ పరీక్ష పోతే నాకు ఏడాది పోతుంది. నవ్వులాటగా రాస్తున్నాను గానీ, మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు. భయంగా ఉంది.

కావున తమ ఎదుట నిలబడి ఊపిరి పీల్చి చూపుటకైనా సిద్ధమని తెలుపుకొంటూ, ఈ మనవి చిత్తగించవలెను, చిత్తగించి నన్ను బతికించవలెను.

తమ విధేయుడు,
తమ రికార్డు ప్రకారం కీర్తిశేషుడు

తా.క.: సంతాప ఉత్తరమూ, దానికి జతచేసిన పేపరు ముక్కా మా అమ్మకు అందినవి. వెంటనే ఫోన్ చేసింది. నా గొంతు విని కాసేపు ఏడ్చింది, తర్వాత చాలాసేపు తిట్టింది. చివరికి, "ఒరేయ్, ఇందులో 'ప్రతి ఆదివారం తల్లికి తప్పక ఫోన్ చేసేవాడు' అని రాశావు. ఏ తల్లికిరా?" అని అడిగింది.

అయ్యా, ఆ వార్తలో నా చావొక్కటే అబద్ధం అనుకున్నాను. నన్ను విచారణకు పిలవదలిస్తే శనివారమే పిలవండి. ఆదివారం నాకు పని ఉంది.