మూత తీయనివ్వకు

పాడిహమ్
జనవరి 9

ప్రియమైన నాన్నా,

నానమ్మా నేనూ బాగానే ఉన్నాం. లైబ్రరీలో నన్ను పిల్లల గదికి మార్చారు. పెద్దవాళ్లతో మాట్లాడే పని తక్కువ. నాకు నచ్చింది.

ఇంటిని వెచ్చగా ఉంచాల్సిన బాయిలర్ మొరాయిస్తోంది. నిన్న పొద్దున ఆగిపోయి ఎర్రగా ఎఫ్ 6 అనే కోడ్ చూపిస్తోంది. రీసెట్ నొక్కితే పది నిమిషాలు మండుతుంది, గుడగుడమని మళ్లీ ఆగుతుంది. నానమ్మ రెండు స్వెట్టర్ల మీద నీ పని కోటు తొడుక్కుని కూర్చుంది. "నా కొడుకు డెస్ ఇంట్లో ఉంటే దీనికి ఇంత పొగరా? నువ్వేమో అన్ని పుస్తకాలు చదివావు, బాయిలర్ పుస్తకం ఒక్కటి చదవలేకపోయావు" అంటోంది.

రెండేళ్ల కిందట, ఆ మంచు వారంలో ఎఫ్ 3 వచ్చింది కదా. నేను టీ పెట్టి తెచ్చేలోపు బాగుచేసేశావు. ఇప్పుడు ఎవరినైనా పిలిచి మూత తీయించి చూపించమంటావా?

లాయరు హావర్త్ గారు ఫోన్ చేశారు. అప్పీలుకి నా వాంగ్మూలం కావాలట. ఏం రాయాలి?

ప్రేమతో,
ఆగ్నెస్

*

జనవరి 14

ప్రియమైన ఆగీ,

ఎఫ్ 6కి భయపడకు. వంటింటి వెనక గోడలోంచి తెల్ల ప్లాస్టిక్ పైపు ఒకటి బయటికొచ్చి కాలువలోకి దిగుతుంది, చూడు. బాయిలర్‌లో చేరిన నీరు అందులోంచి పోవాలి. చలికి గడ్డకట్టి ఉంటుంది. గోరువెచ్చని నీళ్లు పొయ్యి. మరిగేవి పోస్తే పైపు పగులుతుంది. తర్వాత రీసెట్ ఒక్కసారి నొక్కు. పైపుకి నా పాత మేజోళ్లు చుట్టు.

ఎవర్నీ పిలవకు. మూత తీయనివ్వకు. వచ్చినవాడు పెదవి విరిచి కొత్త బాయిలర్ అంటగట్టి పోతాడు. అప్పీలు నెగ్గితే మార్చికల్లా నేనే వచ్చి చూసుకుంటాను.

వాంగ్మూలం చిన్నదే. త్రెల్‌ఫాల్ మామ్మ పొగ పీల్చి చనిపోయింది, ఆమె బాయిలర్‌లో సేఫ్టీ స్విచ్చుని దాటించి ఎవరో తీగ ముక్క కలిపారు. అది నేను కాదని కోర్టులో చెప్పాను, నమ్మలేదు. నువ్వు చిన్నప్పుడు సెలవులన్నీ నేను బాయిలర్లు బాగుచేయడానికి తిరిగే వ్యానులోనే గడిపావు. నేను ఏ ఇంట్లోనూ, మనింట్లో కూడా, అలాంటి పని చేయలేదని రాయి. నువ్వు అబద్ధం చెప్పవని మీ స్కూలు సిస్టర్లందరికీ తెలుసు. నీ మాట నిలబడుతుంది.

ఇక్కడ జైల్లో హీటర్ పైపులు కొలిమిలా కాలుతుంటాయి. కిటికీ తెరుచుకోదు. నవ్వొస్తుంది.

మీ నాన్న

*

పాడిహమ్
జనవరి 19

ప్రియమైన నాన్నా,

నువ్వు చెప్పినట్టే నీళ్లు పోశాను. పైపులో టక్కుమని చప్పుడైంది, ఎఫ్ 6 పోయింది. నానమ్మ పక్కింటి మార్జరీని గోడ దగ్గరికి పిలిచి మరీ చెప్పింది.

"జైల్లో కూర్చుని కూడా బాగుచేస్తాడమ్మా నా కొడుకు."

"అయితే మా కుళాయికి కూడా ఒక ఉత్తరం రాయమను" అంది మార్జరీ.

వాంగ్మూలం కాగితం వచ్చింది. శుక్రవారంలోగా సంతకం చేసి పంపాలి. వంటింటి బల్ల మీద, నీ టీ కప్పు కింద పెట్టాను.

ఇంకో చిన్న సంగతి. నాలుగు రోజులుగా నానమ్మకి తలనొప్పి. మధ్యాహ్నం కుర్చీలోనే మత్తుగా పడుకుంటోంది. చర్చికి వెళ్తే తగ్గుతుంది, ఇంటికి రాగానే మళ్లీ మొదలు. గోడ మీది విషవాయువు అలారం మోగలేదు. దాని వెనక చూస్తే గడువు దాటిపోయి ఉంది. బాయిలర్ మాత్రం చక్కగా మండుతోంది, కోడ్ ఏమీ చూపించడం లేదు. కోడ్ లేదంటే భయం లేనట్టే కదా?

ప్రేమతో,
ఆగ్నెస్

*

జనవరి 21

ఆగీ,

ఇక్కడి జైలు చర్చి ఫాదర్ కీనన్ ఈపాటికి నీకు ఫోన్ చేసి ఉంటారు. గ్యాస్ కట్టెయ్యి, కిటికీలు తెరువు, నానమ్మని మార్జరీ ఇంటికి తీసుకెళ్లు, ఎవరినైనా పిలిచి మూత తీయించు. ఎందుకో ఆయనకి చెప్పలేదు. నీకు చెప్తున్నాను. ఇక్కడ ఉత్తరాలు జైలువాళ్లు చదువుతారు. చదవనీ.

ఆ తలనొప్పి పొగదే, కోడ్ రాదు తల్లీ. పొగ బయటికి పోకపోతే బాయిలర్ని ఆపి కోడ్ చూపించేది ఆ స్విచ్చే. దాని నోరు నేనే కట్టేశాను.

ఆ మంచు వారంలో మన స్విచ్చు పాడై ఎఫ్ 3 వచ్చింది, జిల్లా మొత్తంలో కొత్తది దొరకలేదు. నానమ్మ వణుకుతోంది. మంగళవారం మనింట్లో నీలం తీగ ముక్క కలిపాను. ఏమీ కాలేదు. శుక్రవారం త్రెల్‌ఫాల్ మామ్మ కోటు వేసుకుని మంచంలో ఉంది. "ఈ రెండ్రోజులు గట్టెక్కించు నాయనా, చాలు" అంది. మనింట్లో ఏమీ కాలేదు కదా అని ఆమె ఇంట్లోనూ కలిపాను. సోమవారం స్విచ్చు తెస్తానన్నాను. ఆదివారమే పోయింది. ఆమె పొగగొట్టంలో పక్షి గూడుంది. మనదాంట్లో లేదు. తేడా అంతే.

తర్వాత మనింటి మూత తీయడానికి చేతులు రాలేదు. తీస్తే నాకు నేనే ఒప్పుకున్నట్టవుతుంది.

సంతకం పెట్టకు. నానమ్మ ఎలా ఉందో వెంటనే రాయి.

నాన్న

*

పాడిహమ్
జనవరి 24

నాన్నా,

నానమ్మ బాగుంది. ఆమెకి తలనొప్పి రాలేదు. అది నేను కల్పించి రాశాను.

పైపు గడ్డకట్టిన మాట నిజం. కానీ బాయిలర్ మూత డిసెంబరులోనే తీశారు. ఏటా సర్వీసు చేయించాలని నువ్వు అందరికీ చెప్పేవాడివి కదా, నేను హోల్డెన్ అనే ఆయన్ని పిలిచాను. ఆయన మూత తీశాడు. నీలం తీగ ముక్క తెచ్చి బల్ల మీద, నా టీ పక్కన పెట్టాడు.

"ఇదెవరు పెట్టారమ్మా?"

"తెలియదండీ."

సర్వీసు పుస్తకం తిరగేసి, వరసగా అన్నీ నీ సంతకాలే అని చూశాడు. కొత్త స్విచ్చు వేసి కింద తన సంతకం పెట్టాడు. వెళ్తూ, "రెండు చలికాలాలు దీని పై గదిలోనే పడుకున్నారా?" అన్నాడు.

తీగ చివర్లు మూడేసి మెలికలు తిప్పి ఉన్నాయి. నా సైకిల్ బుట్టని కూడా నువ్వు అలాగే కట్టావు. కోర్టులో త్రెల్‌ఫాల్ మామ్మ ఇంటి తీగ ఫోటో చూపించినప్పుడు ఆ మెలికలు చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

అడిగితే కాదంటావని భయపడ్డాను. కాదంటే నమ్ముతానని ఇంకా భయపడ్డాను. అందుకే నానమ్మకి తలనొప్పి తెప్పించాను. ఫాదర్ కీనన్ ఫోన్ చేసి అదే మాట మూడుసార్లు చెప్పారు. నువ్వు టిఫిన్ కూడా తినకుండా ఆయన గది బయట నిలబడ్డావట. ఫోన్ పెట్టేసి మెట్ల మీద కూర్చుండిపోయాను. నిన్ను అలా భయపెట్టినందుకు క్షమించు.

త్రెల్‌ఫాల్ మామ్మ కూతురు గురువారాలు లైబ్రరీకి వస్తుంది. ఇదివరకు తల ఎత్తుకునే ఆమె పుస్తకాలు నమోదు చేసేదాన్ని. నువ్వు చేయలేదని నమ్మేదాన్ని కదా. పిల్లల గదికి నన్నెవరూ మార్చలేదు, నేనే అడిగి వెళ్లాను.

వాంగ్మూలం సంతకం లేకుండా తిప్పి పంపాను. నువ్వు నిజం రాసిన ఉత్తరాన్ని దీంతో నీకే తిప్పి పంపుతున్నాను. హావర్త్ గారికి నేను ఇవ్వను. ఇవ్వాల్సింది నువ్వు. త్రెల్‌ఫాల్ మామ్మ కూతురికి చేరాల్సింది కూడా ఆ ఉత్తరమే.

శనివారం నిన్ను చూడ్డానికి ఇద్దరం వస్తున్నాం. నానమ్మకి ఏమీ తెలియదు. ఆ మాట కూడా నువ్వే చెప్పాలి. ఇప్పుడు బల్ల అవతల కూర్చుని నీ పని కోటుకి ఊడిన గుండీలు కుడుతోంది. ఇల్లు వెచ్చగానే ఉంది కదా, ఇప్పుడెందుకే నానమ్మా అన్నాను.

"మార్చిలో వాడొచ్చేసరికి కూడా చలి ఉంటుంది" అంది.

నీ ఆగీ