చేతులు దాచుకున్నావట

షామ్‌బర్గ్, అమెరికా, 1986

ఒరేయ్ తమ్ముడూ,

నిన్ను చంపినవాణ్ణి ఇవాళ కోర్టులో చూశాను. టై కట్టుకుని, చూయింగ్ గమ్ నములుతూ కూర్చున్నాడు. బల్ల మీద వాడి బేస్‌బాల్ బ్యాట్ ఉంది. దాని మీద నీ రక్తం నల్లగా ఎండిపోయింది.

"మా దేశంలోంచి పో" అంటూ పార్కింగ్ లాట్‌లో నీ తల పగిలేదాకా కొట్టాడట. నువ్వు చేతులు చంకల్లో పెట్టుకుని ముడుచుకుపోయావని సాక్షి చెప్పింది.

"చేతులు ఎందుకు అడ్డం పెట్టుకోలేదు? మీ తమ్ముడు తాగి ఉన్నాడా?" అని వాడి లాయర్ నన్నడిగాడు. ఆ లాయర్ పీక కొరికేద్దామనిపించింది.

"గ్రీన్‌కార్డ్ వచ్చిన వారమే ఇంజనీర్ ఉద్యోగం మానేశాడు. మృదంగం నేర్పుతూ బతుకుతానన్నాడు. ఆ ఆదివారమే మొదటి క్లాసు. మృదంగం వాయించేవాడు ముందు చేతులే దాచుకుంటాడు" అన్నాను. లాయర్ కూర్చున్నాడు.

మూర్ఖుడా, తల ఇచ్చి చేతులు మిగుల్చుకున్నావు.

మృదంగం ఎడమ పక్క గంభీరంగా మోగాలని దానికి అంటించడానికి ఆ రోజు నువ్వు కొన్న బొంబాయి రవ్వ పొట్లం నీ కారులో దొరికింది. ఇంటికొచ్చి విప్పితే పురుగు పట్టి ఉంది. జల్లించి, తడిపి, నువ్వు చేసినట్టే ముద్ద చేసి అంటించాను. నాకు తాళం వెయ్యడం కూడా రాదని నీకు తెలుసుగా. నా అరచేతులు పగిలేదాకా బాదాను.

అక్క